నడుము కొలతతో గుండెజబ్బు, షుగర్ ముప్పును అంచనా వేసుకోవడం ఎలా?

బరువు తూచే యంత్రం ఎక్కితే మీ ఒంటి మొత్తం బరువు ఎంతో తెలుస్తుంది గానీ, అందులో కండ ఎంత, కొవ్వు ఎంత, ఆ కొవ్వు ఒంట్లో ఏ చోట పేరుకుంది అన్నది తెలియదు. షుగర్, గుండెజబ్బు, పక్షవాతం ముప్పును అంచనా వేయడానికి అసలు తెలియాల్సింది ఆ మూడో సంగతే. దాన్ని తెలుసుకోవడానికి సాగని కొలత టేపు, గోడ, పెన్ను, కాగితం ఉంటే చాలు. అయితే టేపును సరైన చోట, ప్రతిసారీ ఒకే పద్ధతిలో చుట్టకపోతే వచ్చే అంకెకు విలువ ఉండదు కనుక, కొలిచే తీరును ఓపికగా నేర్చుకోవాలి.

కొవ్వు ఎక్కడ చేరితే ఏమిటన్న ప్రశ్న కొత్తది కాదు. ఫ్రాన్స్‌లోని మార్సేయ్ నగరానికి చెందిన వైద్యుడు ఝాన్ వాగ్ 1947లోనే, ఒంటి పైభాగంలో కొవ్వు చేరేవారికీ తుంటి, తొడల దగ్గర చేరేవారికీ వచ్చే జబ్బులు ఒకటి కావని గుర్తించారు. చర్మం కింద, ముఖ్యంగా తొడల్లో, పిరుదుల్లో నిల్వ ఉండే కొవ్వు చాలావరకు కుదురుగా ఉంటుంది. కడుపు లోపల పేగుల చుట్టూ, కాలేయం దగ్గర పేరుకునే కొవ్వు అలా ఊరుకోదు. అది విడుదల చేసే కొవ్వు ఆమ్లాల్లో కొంత భాగం పేగుల నుంచి కాలేయానికి వెళ్లే రక్తనాళంలో కలిసి నేరుగా కాలేయాన్ని చేరుతుంది. దాంతో కాలేయంలో కొవ్వు పెరగడం, ఇన్సులిన్ మాటను శరీరం సరిగా వినకపోవడం, రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులు ఎక్కువై మంచి కొలెస్ట్రాల్‌గా పిలిచే హెచ్‌డీఎల్ తగ్గడం మొదలవుతాయి. ఈ మార్పులన్నీ ఏ నొప్పీ లేకుండా ఏళ్ల తరబడి సాగుతాయి. లోపలి కొవ్వును కచ్చితంగా చూపేవి సీటీ, ఎంఆర్ఐ స్కాన్లే అయినా, దాని జాడను బయటి నుంచి పట్టిచ్చే తేలికైన కొలత నడుము చుట్టుకొలత.

ముందుగా ఎత్తు, బరువు

ఎత్తును చెప్పులు తీసేసి, గోడకు ఆనుకుని కొలవాలి. మడమలు, పిరుదులు, భుజాల వెనుక భాగం వీలైనంతవరకు గోడకు తగిలేలా నిలబడి, గడ్డం పైకెత్తకుండా, కిందికి వంచకుండా నేరుగా ఎదురుగా చూడండి. మరొకరు గట్టి అట్ట ఉన్న పుస్తకాన్ని గోడకు లంబంగా మీ తల మీద ఆనించి, దాని అడుగు అంచు తాకిన చోట గోడ మీద గుర్తు పెట్టాలి. వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి పొరలు పగలంతా ఒత్తిడికి అణుగుతాయి కాబట్టి సాయంత్రానికి ఎత్తు దాదాపు ఒక సెంటీమీటరు తగ్గవచ్చు. అందుకని ఉదయం కొలవడం మేలు. ఎప్పుడో యవ్వనంలో కొలిచిన ఎత్తునే జీవితమంతా రాస్తూ పోకండి. వయసు పైబడ్డాక ఎత్తు తగ్గుతుంది, దాంతో లెక్కలూ మారతాయి.

బరువును పరగడుపున, కాలకృత్యాలు తీర్చుకున్నాక, తేలికపాటి దుస్తులతో, గట్టి నేల మీద ఉంచిన యంత్రం మీద చూసుకోండి. పరుపు, తివాచీ వంటి మెత్తటి వాటి మీద పెట్టిన యంత్రం తప్పు చూపుతుంది. ఎప్పుడూ ఒకే యంత్రాన్ని వాడితే అది కాస్త ఎక్కువ తక్కువ చూపినా మార్పు మాత్రం సరిగానే తెలుస్తుంది.

ఈ రెండింటితో బీఎంఐ లెక్క వస్తుంది. కిలోల్లో ఉన్న బరువును, మీటర్లలో ఉన్న ఎత్తుతో ఒకసారి భాగించి, వచ్చినదాన్ని మళ్లీ అదే ఎత్తుతో భాగించాలి. ఈ సూత్రాన్ని 19వ శతాబ్దంలో రూపొందించిన బెల్జియం గణిత శాస్త్రవేత్త అడాల్ఫ్ కెట్లే సగటు మనిషి శరీర లక్షణాలను అధ్యయనం చేయడానికి దాన్ని తెచ్చారే తప్ప, ఒక్కొక్కరి ఆరోగ్యాన్ని తేల్చడానికి కాదు. దానికి ఇప్పుడున్న పేరు 1972లో ఆన్సెల్ కీస్ బృందం పెట్టినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 18.5 నుంచి 24.9 వరకు సాధారణం, 25 నుంచి అధిక బరువు, 30 నుంచి స్థూలకాయం. ఆసియా సంతతి వారిలో తక్కువ బీఎంఐ దగ్గరే షుగర్, గుండెజబ్బులు కనిపిస్తున్నందున, 23 దాటితే ముప్పు పెరిగినట్టు, 27.5 దాటితే బాగా ఎక్కువైనట్టు చూడాలని ఆ సంస్థ నిపుణులు 2004లో సూచించారు. మీరు ఆ సంతతికి చెందినవారైతే ఈ రెండో లెక్కనే పట్టించుకోండి.

నడుమును ఎక్కడ కొలవాలి?

ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే కాబట్టి దీన్ని కాస్త వివరంగా చెప్పాలి. ప్యాంటు సైజు నడుము కొలత కాదు. పొట్ట పెరిగేకొద్దీ ప్యాంటు పొట్ట కిందికి జారి నిలుస్తుంది కనుక ఏళ్ల తరబడి ఒకే సైజు సరిపోతూనే ఉంటుంది, ఆ పైన పొట్ట మాత్రం పెరుగుతూనే పోతుంది. బొడ్డును గుర్తుగా పెట్టుకోవడమూ నమ్మదగినది కాదు. వేలాడే పొట్ట ఉన్నవారిలో బొడ్డు కిందికి దిగిపోతుంది. కొలతకు మారని గుర్తులు కావాలి, అవి ఎముకలే.

చొక్కా పైకెత్తి, బెల్టు గానీ బిగుతైన బొందు గానీ వదులు చేసి, పాదాలు దగ్గరగా ఉంచి నిలబడండి. చంక మధ్య నుంచి ఒంటి పక్కగా నిటారుగా కిందికి ఒక గీత ఉన్నట్టు ఊహించుకోండి. ఆ గీత మీద వేళ్లను నడుము దగ్గర మెత్తటి భాగంలో ఆనించి, కొంచెం గట్టిగా నొక్కుతూ కిందికి జరపండి. వేళ్లకు అడ్డుగా గట్టి అంచు తగులుతుంది, అది తుంటి ఎముక పై అంచు. అక్కడ పెన్నుతో చిన్న చుక్క పెట్టండి. ఇప్పుడు అదే గీత మీద వేళ్లను పైకి జరపండి. చేతికి తగిలే చిట్టచివరి పక్కటెముక కింది అంచు దగ్గర మరో చుక్క పెట్టండి. ఈ రెండు చుక్కలకూ సరిగ్గా మధ్యన ఉన్నదే నడుమును కొలవాల్సిన చోటు. రెండో వైపు కూడా ఇలాగే గుర్తు పెడితే టేపు వంకర పోకుండా ఉంటుంది. లావుగా ఉన్నవారిలో ఎముకలు వెంటనే చేతికి దొరకకపోవచ్చు. అప్పుడు కాస్త పక్కకు వంగితే పక్కటెముక, తుంటి ఎముక దగ్గరపడి తేలిగ్గా తెలుస్తాయి. గుర్తు పెట్టాక మళ్లీ నిటారుగా నిలబడాలి.

ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పద్ధతి. తుంటి ఎముక పై అంచు మీదుగానే టేపు చుట్టే పద్ధతి అమెరికాలో వాడుకలో ఉంది. ఒకే మనిషికి ఈ రెండు పద్ధతుల్లో వేర్వేరు అంకెలు రావచ్చు, కాబట్టి ఒకదాన్ని ఎంచుకుని దాన్నే కొనసాగించండి.

టేపును నడుము చుట్టూ తిప్పాక అద్దంలో చూసి, లేదా మరొకరిని చూడమని అడిగి, వెనుక భాగంలో అది పైకి గానీ కిందికి గానీ జారలేదని, నేలకు సమాంతరంగా ఉందని సరిచూసుకోండి. టేపు ఒంటికి అతుక్కుని ఉండాలి గానీ చర్మంలో దిగబడకూడదు. చేతులు వదులుగా పక్కలకు వదిలేసి, రెండు మూడుసార్లు మామూలుగా ఊపిరి పీల్చి వదలండి. ఊపిరి మామూలుగా వదిలిన చివరన అంకె చూడాలి. టేపు చుట్టగానే తెలియకుండానే పొట్ట బిగబట్టడం దాదాపు అందరూ చేసే పనే, అందుకే వేరొకరు కొలిస్తే మంచిది. రెండుసార్లు కొలవండి. రెండు అంకెల మధ్య తేడా ఒక సెంటీమీటరు లోపు ఉంటే వాటి సగటు రాసుకోండి. అంతకు మించితే రెండింటినీ వదిలేసి మొదటి నుంచి కొలవండి. భోజనం చేసిన వెంటనే, మలబద్ధకం ఉన్నప్పుడు, నెలసరికి ముందు పొట్ట ఉబ్బుగా ఉన్నప్పుడు కొలిచి కంగారు పడవద్దు.

తుంటి కొలత తేలిక. పక్క నుంచి చూసినప్పుడు పిరుదులు ఎక్కడ ఎక్కువ ఉబ్బెత్తుగా కనిపిస్తాయో అక్కడ టేపును నేలకు సమాంతరంగా చుట్టాలి. జేబుల్లో ఏమీ ఉండకూడదు, పలుచని దుస్తులే ఉండాలి.

అంకెలను చదవడం

నడుము చుట్టుకొలతకు హద్దులు సంతతిని బట్టి మారతాయి. అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య లెక్క ప్రకారం దక్షిణాసియా సంతతి పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు హద్దు. అంగుళాల్లో ఇవి సుమారు 35న్నర, 31న్నర. ఐరోపా సంతతి పురుషులకు ఆ హద్దు 94, స్త్రీలకు 80. అమెరికా మార్గదర్శకాల్లో కనిపించే 102, 88 అనే అంకెలను చూసి దక్షిణాసియా సంతతి వారు ధీమాగా ఉండటం సరికాదు.

నడుము కొలతను తుంటి కొలతతో భాగిస్తే వచ్చే నిష్పత్తి పురుషుల్లో 0.90, స్త్రీలలో 0.85 గానీ అంతకు మించి గానీ ఉంటే ముప్పు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 52 దేశాల్లో సుమారు 27 వేల మందిని పరిశీలించిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో, గుండెపోటుతో బీఎంఐకి ఉన్న సంబంధం కంటే ఈ నిష్పత్తికి ఉన్న సంబంధమే బలంగా కనిపించింది. తుంటి కొలత ఎక్కువగా ఉండటం ముప్పు తక్కువతో ముడిపడి ఉండటం కూడా అందులో తేలింది.

ఇన్ని అంకెలు గుర్తుంచుకోవడం కష్టమనిపిస్తే, నా సలహా ఒకటే: నడుము కొలతను ఎత్తుతో భాగించిన నిష్పత్తిని పట్టుకోండి. రెండింటినీ ఒకే కొలమానంలో, అంటే రెండూ సెంటీమీటర్లలో గానీ రెండూ అంగుళాల్లో గానీ తీసుకుని భాగించండి. 2022లో బ్రిటన్ ఆరోగ్య మార్గదర్శక సంస్థ నైస్ చెప్పిన ప్రకారం 0.4 నుంచి 0.49 వరకు ఉంటే ముప్పు పెరగనట్టు, 0.5 నుంచి 0.59 వరకు పెరిగినట్టు, 0.6 గానీ ఆపైన గానీ ఉంటే చాలా ఎక్కువైనట్టు. స్త్రీలకూ పురుషులకూ ఒకటే హద్దు, సంతతిని బట్టి మార్చాల్సిన పని లేదు. నడుము మీ ఎత్తులో సగం కంటే తక్కువ ఉండాలన్నది ఎవరికైనా గుర్తుండే మాట. టేపు లేకపోయినా మీ ఎత్తుకు సరిపడా దారం తెంపి, దాన్ని సగానికి మడిచి నడుము చుట్టూ తిప్పి చూడవచ్చు. రెండు కొసలు కలవకపోతే నడుము ఆ హద్దు దాటినట్టే.

ఈ కొలతలు ఒకదానితో ఒకటి ఎలా విభేదిస్తాయో లెక్క వేసి చూద్దాం. ఒక పురుషుడి ఎత్తు 164 సెంటీమీటర్లు, బరువు 62 కిలోలు అనుకోండి. బీఎంఐ 23 దగ్గర ఉంటుంది, చూసేవారికి సన్నగానే కనిపిస్తాడు. కానీ అతని నడుము 91, తుంటి 95 సెంటీమీటర్లు అయితే నడుము, ఎత్తుల నిష్పత్తి 0.55, నడుము, తుంటుల నిష్పత్తి 0.96 వస్తాయి. సన్నటి కాళ్లు చేతుల మధ్య పొట్ట ఒక్కటే ముందుకు వచ్చిన మనిషి అతను. అదే ఎత్తున్న ఒక స్త్రీ బరువు 72 కిలోలు, నడుము 78, తుంటి 106 అనుకుందాం. ఆమె బీఎంఐ 26.8. అయినా నడుము, ఎత్తుల నిష్పత్తి 0.48, నడుము, తుంటుల నిష్పత్తి 0.74 మాత్రమే. అందరూ బరువు తగ్గమని ఆమెకు చెబుతారు, అతనికి ఎవరూ ఏమీ చెప్పరు. ముందుగా రక్తపరీక్ష చేయించుకోవాల్సింది మాత్రం అతనే. సన్నగా ఉన్నానన్న నమ్మకంతో ఏళ్ల తరబడి షుగర్ పరీక్ష చేయించుకోనివారి గురించే ఈ వ్యాసంలో నాకు ఎక్కువ ఆందోళన.

ఈ కొలతలు వర్తించని సందర్భాలు

గర్భిణులకు, ప్రసవమై ఎన్నో రోజులు కానివారికి నడుము కొలత ఏమీ చెప్పదు. పొట్టలో నీరు చేరినవారికి, పెద్ద హెర్నియా ఉన్నవారికి కూడా అంతే. పిల్లల బీఎంఐని పెద్దల హద్దులతో పోల్చకూడదు, వయసు, ఆడ మగ తేడాలను బట్టి వేరే పట్టికలు ఉంటాయి. బాగా వ్యాయామం చేసి కండలు పెంచినవారికి బీఎంఐ ఎక్కువ చూపినా నడుము కొలత నిజం చెబుతుంది. వృద్ధుల విషయంలో దీనికి విరుద్ధంగా జరుగుతుంది. కండ కరిగి ఆ చోట కొవ్వు చేరడం వల్ల బరువు మారకుండానే ముప్పు పెరగవచ్చు, కాబట్టి వారిలో బరువు కంటే నడుమునే గమనించాలి.

టేపు పట్టుకోలేని ముప్పులు కూడా ఉన్నాయి. వంశపారంపర్యంగా, చెడు కొలెస్ట్రాల్‌గా పిలిచే ఎల్‌డీఎల్ ఎక్కువగా ఉన్నవారి నడుము ఎంత సన్నగా ఉన్నా వారి గుండె రక్తనాళాలు చిన్న వయసులోనే పూడుకుపోవచ్చు. పొగ తాగేవారి ముప్పు కూడా నడుము మీద కనిపించదు. దగ్గరి బంధువుల్లో చిన్న వయసులోనే ఎవరికైనా గుండెపోటు వచ్చి ఉంటే, మీ కొలతలు ఎంత బాగున్నా రక్తంలోని కొవ్వులను చూపే లిపిడ్ పరీక్ష తప్పనిసరి.

కొలత హద్దు దాటితే చేయాల్సినవి

హద్దు దాటిందంటే జబ్బు వచ్చిందని కాదు, పరీక్షలు ఆలస్యం చేయవద్దని. రక్తపోటు, పరగడుపు షుగర్, మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, లిపిడ్ ప్రొఫైల్ అన్నవి మొదటి విడత పరీక్షలు. వాటి ఫలితాలను నడుము కొలతతో కలిపి చదవాలి. 2009లో పలు అంతర్జాతీయ సంస్థలు కలిసి ఖరారు చేసిన నిర్వచనం ప్రకారం ఐదు లక్షణాల్లో ఏ మూడు ఉన్నా మెటబాలిక్ సిండ్రోమ్, అంటే షుగర్, గుండెజబ్బుల ముప్పును పెంచే లక్షణాలు ఒకేచోట కూడిన స్థితి, ఉన్నట్టే. అవి: నడుము కొలత హద్దు దాటడం, ట్రైగ్లిజరైడ్లు 150 గానీ ఆపైన గానీ ఉండటం, హెచ్‌డీఎల్ పురుషుల్లో 40 కంటే, స్త్రీలలో 50 కంటే తక్కువ ఉండటం, రక్తపోటులో పై అంకె 130 లేదా కింది అంకె 85కు చేరడం, పరగడుపు షుగర్ 100 గానీ ఆపైన గానీ ఉండటం. వీటిలో దేనికైనా ఇప్పటికే మందులు వాడుతుంటే అంకె మామూలుగా వచ్చినా ఆ లక్షణం ఉన్నట్టే లెక్క.

ఇంట్లో రక్తపోటు చూసుకునేవారు ముందు ఐదు నిమిషాలు వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, కాళ్లు ఒకదాని మీద ఒకటి వేయకుండా నిశ్శబ్దంగా కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఆనాలి. జబ్బ లావుగా ఉన్నవారికి చిన్న పట్టీ చుడితే అంకె ఎక్కువ చూపుతుంది, కనుక జబ్బ చుట్టుకొలతకు తగిన పట్టీనే కొనుక్కోవాలి.

తగ్గించుకునే పని మొదలుపెట్టాక నడుమును రోజూ కొలవకండి. కొలతలోనే ఒక సెంటీమీటరు అటూ ఇటూ వచ్చే అవకాశం ఉన్నప్పుడు రోజువారీ తేడాలకు అర్థం లేదు, నిరాశ మాత్రం మిగులుతుంది. నెలకోసారి, అదే సమయంలో, అదే టేపుతో కొలిచి తేదీతో సహా రాసుకోండి. పొట్ట వ్యాయామాలు పొట్ట కండరాలకు బలమిస్తాయి గానీ, ఆ ఒక్కచోటి కొవ్వును ఎంచి కరిగించవు. తిండి తగ్గించుకోవడంతో పాటు వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవడం, రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం చేయడం కలిస్తే లోపలి కొవ్వు కదులుతుంది. అధిక బరువు ఉన్నవారు తమ బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా షుగర్, రక్తపోటు, ట్రైగ్లిజరైడ్లలో చెప్పుకోదగ్గ మెరుగుదల వస్తుంది. వ్యాయామం మొదలుపెట్టినవారిలో కొవ్వు తగ్గుతూ కండ పెరగడం వల్ల బరువు కదలకుండా నడుము మాత్రం తగ్గడం మామూలే. బరువు తగ్గలేదని విసిగి మానేసేవారు ఒక్కసారి టేపు తీసి చూసుకోవాలని నా మనవి.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఈ కొలతలు రాసుకున్న కాగితాన్ని వెంట తీసుకువెళ్లి, ఏ పద్ధతిలో కొలిచారో కూడా చెప్పండి. ఏ ప్రయత్నమూ చేయకుండా బరువు తగ్గిపోతూ, విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం ఉంటే అది సంతోషించాల్సిన తగ్గుదల కాదు, వెంటనే షుగర్ పరీక్ష చేయించుకోవాలి. కాళ్లు చేతులు సన్నబడుతూ పొట్ట ఒక్కటే కొన్ని వారాల్లో వేగంగా పెరిగినా, దానితో పాటు కాళ్ల వాపు ఉన్నా, అది కొవ్వు కాక నీరు అయ్యే అవకాశం ఉంది కనుక నెలవారీ కొలత కోసం ఎదురుచూడకుండా డాక్టరును కలవాలి.